పిన్ని చెయ్యి, ఆవకాయ జాడీ

మన గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు? బ్లాక్‌టౌన్ సరళగారూ, మీ మోకాలి నొప్పి తగ్గిందా... మెట్లు ఎక్కకండి. సుబ్బారావు అన్నయ్యగారూ, కంటి ఆపరేషన్ అయింది కదా అని చుక్కల మందు మానేయలేదు కదా... ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలూ, ఈ ఎండల్లో నీళ్ళ సీసా లేకుండా ట్రైన్ ఎక్కకండమ్మా. నా సంగతంటారా... బీపీ ఉంది, భయం ఉంది, రెండూ పాతవే.

నేను చదివింది ఐదో తరగతి. ఒక్కో అక్షరం వెతుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చిన్నప్పుడు... ఆవకాయ జాడీకి మా మామ్మే కాపలా. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. వంటింటి మూల పీట మీద జాడీ, దాని మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉండేది. తడి చెయ్యి తగిలిందా, ఏడాది పచ్చడి పోయినట్టే. అందుకని మామ్మ తప్ప ఎవరూ అందులో చెయ్యి పెట్టడానికి లేదు.

ఆ ఏడే మా బాబాయి పెళ్ళయి, పిన్ని కాపురానికొచ్చింది. తనకి పదహారేళ్ళు, నాకు తొమ్మిది. రోజూ నాకు జడ వేసేది పిన్నే... చిక్కు తీస్తుంటే నొప్పి తెలిసేది కాదు.

ఒకరోజు మామ్మ ఏ కళనుందో, "ఇవాళ నువ్వు తియ్యవే కోడలా" అంది. పిన్ని కొంగుకి మూడుసార్లు చెయ్యి తుడుచుకుని మరీ తీసింది. ఆ పూటంతా పిన్ని మొహం వెలిగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు... నేను గాబు దగ్గర చేతులు కడుక్కుని, ఆ తడి చేత్తోనే వాసెన విప్పి, మోచేతిదాకా చెయ్యి దూర్చి ఒక టెంక ముక్క తీసుకున్నాను. గుడ్డ నాకు చేతనైనట్టు మళ్ళీ కట్టేశాను.

పది రోజులకి జాడీ నిండా బూజు.

మామ్మ అరవలేదు. పిన్నిని దగ్గరకు పిలిచి తల నిమిరి, "నీ తప్పు కాదులే తల్లీ. కొందరి చెయ్యి పచ్చళ్ళకి పడదు. ఇక జాడీ జోలికి రాకు" అంది. ప్రేమగానే అంది... అదే వచ్చిన చిక్కు. తిడితే పిన్ని కాదని ఎదురు చెప్పేదేమో. ప్రేమగా అన్న మాటకి ఏం చెబుతుంది? తల ఊపింది.

నేను తలుపు వెనకే ఉన్నాను. నోరు విప్పలేదు.

అంతటితో ఆగితే చిన్నపిల్ల భయం అనుకోవచ్చు. మరుసటి ఏడు మామ్మ నాతో తీయించింది. నేను చెయ్యి ఎర్రబడేదాకా గుడ్డకి రుద్దుకుని తీసేదాన్ని. ఏడాదంతా పచ్చడి నిక్షేపంలా ఉంది. "మా బుజ్జిది మంచి చెయ్యి" అని మామ్మ వీధంతా చెప్పుకుంది. ఆ పేరు మీదే ఇంతకాలం బతికాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్న ఈ కెల్లీవిల్‌లో కూడా "ఆంటీ, మీ హ్యాండ్‌లో ఏదో మ్యాజిక్ ఉంది" అంటూ సీసాలు పట్టుకెళ్తారు. మ్యాజిక్ కాదమ్మా... భయం.

మొన్న మా ఇంట్లో ఆవకాయ సీసాకి బూజు పట్టింది. అల్లుడి పనే అనుకున్నాను, మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో టీవీ ముందు నుంచి తొమ్మిదేళ్ళ మనవరాలు, "ఇట్ వాజ్ మీ అమ్మమ్మా, స్పూన్ వెట్‌గా ఉంది, సారీ!" అనేసి మళ్ళీ టీవీలో పడిపోయింది. అంతే... అరవై ఏళ్ళుగా నాకు నోరు పెగలని మాట.

అల్లుడు నవ్వాడు. "నన్నే అనుకున్నారు కదా అత్తయ్యా!"

"ఛ, లేదు నాయనా" అన్నాను. చూశారా... ఈ వయసులో కూడా!

బాబాయి పోయాక పిన్ని ఈ దేశంలోనే, విమానంలో వెళ్ళాల్సినంత దూరాన పాయింట్ కుక్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. మర్నాడు ఫోన్ చేశాను. "పిన్నీ, నిన్ను చూడ్డానికొస్తాను. ఆవకాయ తెస్తాను."

"తేవే బుజ్జీ. వడ్డించడానికి కోడలుందిలే. నా చెయ్యి సంగతి నీకు తెలుసుగా... నేను ముట్టుకుంటే ఫ్రిజ్‌లో ఉన్నది కూడా పాడైపోతుంది!" అని పకపకా నవ్వింది.

అది ఇప్పుడు మామ్మ అన్న మాట కాదు. తన గురించి తనకు తెలిసిన నిజం అనుకుంటోంది పిన్ని. ఆ నిజం చేసి పెట్టింది నేను.

సంగతంతా చెబితే మా అమ్మాయి అంటుంది కదా, "ఇంత చిన్న విషయానికి ఫ్లైట్ ఎందుకమ్మా? కాల్‌లో చెప్పెయ్."

"ఫోన్లో చెప్తే పోనీలేవే అని పెట్టేస్తుంది. జాడీలో మాత్రం చెయ్యి పెట్టదు" అన్నాను.

ఇన్నాళ్ళూ సమయం రావాలి, రావాలి అని ఆగాను. దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాను. ఓర్పు పిన్నిది... నాది పిరికితనం.

ఇప్పుడూ భయమే. విమానం భయం, పిన్ని మొహం తిప్పుకుంటుందేమోనని భయం, వినగానే ఆవిడకి ఏమైనా అవుతుందేమోనని భయం. అయినా వెళ్తున్నాను. సంచిలో పచ్చడి పెట్టుకోవడం లేదు. ఖాళీ జాడీ, ఆవపిండి, కారం పెట్టుకున్నాను. పచ్చి మామిడికాయలు అక్కడి ఇండియన్ షాపులో దొరుకుతున్నాయట. కలిపేది మాత్రం పిన్నే. నేను పక్కన కూర్చుని నూనె పోస్తాను.

ఈ రోజుల్లో జాడీలూ లేవు, వాసెనలూ లేవు. సీసా పాడైతే బిన్‌లో పడేసి ఇంకోటి కొంటున్నారు, ఎవరి చేతి మీదా నింద పడడం లేదు. అదీ మంచిదేలెండి... మీ ఇళ్ళల్లో ఎవరి చెయ్యి "పడదు" అనేవారు? ఆవిడ ఇంకా ఉంటే ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి.

టికెట్ అయింది. వచ్చే శనివారం. మధ్యాహ్నం పన్నెండుకల్లా పిన్ని ఇంట్లో ఉంటాను.