మంచానికీ గోడకూ మధ్య

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. రాజయ్య గుండె ఆగినప్పుడు, దాన్ని నొక్కుతున్న నా చేతులు కూడా ఆగిపోయాయి.

2021. అబుదాబి బయట మఫ్రఖ్‌లో ఒక లేబర్ క్యాంపు హాలును కోవిడ్ వార్డుగా మార్చారు. నేను నర్సుగా చేరి నాలుగు నెలలు. రాజయ్యది జగిత్యాల వైపు. యాభై దాటిన మనిషి, సైట్లో ఇనుప కడ్డీలు కట్టే పని. ఆ మధ్యాహ్నం దుమ్ముగాలికి కిటికీలన్నీ పసుపురంగుకు తిరిగాయి. మానిటర్ మీద గీత చదునైంది. కోడ్ బ్లూ పిలిచాను, అంటే గుండె ఆగింది, అందరూ రండి అని. కానీ వచ్చేవాళ్ళు ఒంటినిండా తెల్లటి కవరాల్ తొడుక్కున్నాకే లోపలికి రావాలి. ఆ వేళకు కవరాల్, ముఖానికి ఫేస్ షీల్డు వేసుకుని లోపల ఉన్నది నేనొక్కదాన్నే. కంప్రెషన్స్ మొదలుపెట్టాను. ఛాతీ మధ్యలో లోతుగా, వేగంగా, ఆపకుండా నొక్కడమన్నమాట. ఒక పక్కటెముక విరగడం నా అరచేతులకు తెలిసింది. భయంతో ఆగిపోయాను. ఎన్ని క్షణాలో తెలియదు. మళ్ళీ చేతులు ఎలా కదిలాయో కూడా తెలియదు. భయం మాత్రం ఉన్నట్టుండి పోయింది. టీమ్ వచ్చింది. ఆయన బతికాడు.

ఆరో రోజు బీపీ చూస్తుంటే నా ముంజేయి పట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, ఆ దినం తెల్లటాయన ఒకడు వచ్చిండు. మొఖం కానరాలే, అంత వెలుగే. 'భయపడకు' అన్నడు. మీ యేసు దేవుడేనా? నువ్వు అవునంటే నేను మీ దాంట్ల కలుస్త. నా ఇంటిది, పిల్లలు గూడ. నీ మాటే ఖాయం."

ఒక ఇంటిల్లిపాది నమ్మకాన్ని నా ఒక్క మాట మీద పెట్టాడు.

డాక్టరుగారిని అడిగితే, ఆక్సిజన్ తగ్గిన మెదడు అలాంటివి చూపిస్తుందన్నారు. శుక్రవారాలు జూమ్‌లో కలిసే మా తెలుగు ప్రార్థన గుంపుకు ఎస్తేరక్క పెద్దదిక్కు. రోగి పేరు చెప్పకుండా ఆమెకు ఫోన్లో చెప్పాను.

"హల్లెలూయ! ఇంకా ఆలోచనేంటే పిల్లా? ఈ శుక్రవారం నువ్వే సాక్ష్యం చెప్పాలి. నోట్లో నాలుక లేనట్టు ఈసారీ తప్పించుకున్నావో, ఊరుకోను."

"వచ్చింది యేసయ్యేనని నాకు తెలియదక్కా."

"మరెవరే, కవరాల్ వేసుకున్న వార్డుబాయా?"

ఎగతాళిగానే అంది గానీ, నాకు అదే నిజమనిపించింది. తెల్లటి బట్ట, ఫేస్ షీల్డు మీద లైటు, కనబడని ముఖం. అది నేనే!

మర్నాడు ఆయన మంచానికి కుడిపక్కన, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడి, షీల్డు మీద ట్యూబ్‌లైటు పడేలా తల వంచాను.

"చూడండి బాబాయ్, ముఖం కనబడుతోందా? ఆ రోజు వచ్చింది నేనే."

ఆయన పకపకా నవ్వి, నొప్పికి పక్కటెముకలు పట్టుకున్నాడు. "నిన్ను గుర్తుపట్టనా బిడ్డా? నువ్వు గీ పక్క నిలబడి నా బొక్కలు ఇరగ్గొడుతుంటివి. ఆయన గా పక్క ఉండె."

ఆయన చూపించింది ఎడమపక్క. మంచం ఆ వైపు గోడకు ఆనించి ఉంది. మధ్యలో నా అరచెయ్యి కూడా దూరదు.

"భయపడకు అని మీతోనే అన్నాడా?" అడిగాను.

"నాతోని ఎందుకంటడు? సచ్చినోనికి భయమేంది? నీ దిక్కు చూసి అన్నడు. నువ్వు చేతులు ఆపినవ్ గదా."

అవును, యేసయ్యే అని అరవాలనిపించింది. కానీ అనిపించడం, తెలియడం ఒకటి కావు. "ఎవరో నాకు తెలియదు బాబాయ్. నా మాట విని దేవుణ్ణి మార్చుకోకండి. మీరే వెతకండి" అన్నాను. ఆయన తల గోడవైపు తిప్పుకున్నాడు.

శుక్రవారం నా వంతు వచ్చింది. మూడు ముక్కలు చెప్పాను: ఆయన బతికాడు, ఎవరినో చూశానన్నాడు, ఎవరో నాకు తెలియదు. ఎస్తేరక్క నా మైకు ఆపేసింది.

నాకు యేసయ్య మీద నమ్మకం తగ్గలేదు. డాక్టరుగారి మాటను తోసెయ్యలేను, ఆ గోడనూ మరిచిపోలేను. ఆయనే వచ్చి ఉంటే, నేను అబద్ధమాడి ఆయనను నిరూపించనక్కర్లేదు. ఆ కేసు నాకు నేర్పింది ఇంతే.

డిశ్చార్జి రోజు రాజయ్యను వీల్‌చెయిర్‌లో గుమ్మం దాకా తెచ్చారు. దారి ఇవ్వడానికి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఆయన నా భుజం వెనక్కి చూసి, రెండు చేతులూ జోడించాడు.

"జర ఇటు జరుగు బిడ్డా, ఆయనకు అడ్డమొస్తున్నవ్."