వెనక సీట్లో మా నాయన

సూళ్లూరుపేటలో మా మేనత్త మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది. "నన్ను చూడ్డానికి వస్తే ఇద్దరూ ఒకే బండిలో రావాల, లేకుంటే ఎవురూ రావొద్దు" అని నాకూ మా నాయనకూ విడివిడిగా ఫోన్ చేసి చెప్పింది. ఈ ప్రయాణం అలా మెడకు చుట్టుకుంది.

చెన్నైలో మాది రాయపురం, ఆయనది తొండియార్‌పేట. షేర్ ఆటోలో పది నిమిషాలు. చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల స్టెల్లాని నేను చేసుకున్నప్పటి నుంచి ఆయన మా గడప తొక్కలేదు, నాతో మాట్లాడలేదు. ఇప్పుడు స్టెల్లాకు ఏడో నెల. "ఏం చేస్తావో తెలీదు, వచ్చేటప్పుడు మామని ఇంటికి పిల్చుకోని రా" అని పొద్దున్నే నాకు పని అప్పజెప్పింది.

ఆదివారం ఆరింటికి ఆయన వీధి చివర కారు ఆపి, దిగి ముందు తలుపు తీసి పట్టుకున్నాను. జీవితమంతా లారీ తోలిన మనిషి, ఆ తలుపు వైపైనా చూడకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. ఒళ్లు మండింది. అయినా బండి తీశాను.

మీరూ ఈ దారిన వెళ్లాలనుకుంటే ఆదివారమే మేలు, మణలిలో కంటెయినర్ లారీలు పల్చగా ఉంటాయి. మీంజూరు, పొన్నేరి దాటి తచ్చూరు దగ్గర హైవే ఎక్కేదాకా ఆయన రోడ్డుతోనే మాట్లాడాడు. "ఈడ గుంత ఉండాది." "ముందు పొయ్యే బస్సు ఆగేస్తాది." నేను గుంత తప్పించాను. బస్సు నిజంగానే ఆగింది.

ఏడున్నరకు గుమ్మిడిపూండిలో టిఫిన్. పొంగలి బాగుంది, సాంబారు మాత్రం ఉత్త నీళ్లు. మేం ఎదురెదురుగా మాటామంతీ లేకుండా తినడం చూసి, వడ్డించే ఆయన "కిరాయి బండా అయ్యా?" అని నాయనను అడిగాడు. నాయన తలెత్తకుండా, "డ్రైవరుకి ఇంకో వడ పెట్టప్పా" అన్నాడు. చచ్చేంత కోపం వచ్చింది. కానీ నాకు వడ ఇష్టమని ఆయనకు గుర్తుందన్న మాట. తినేశాను.

తడ మీదుగా తొమ్మిదికల్లా అత్త ఇంటికి చేరాం. "ఒకే బండి అంటిని గానీ, ఒక మాట గూడా పలకరా మీరు?" అని అత్త తిట్టి, కడుపునిండా భోజనం పెట్టింది.

మూడింటికి బయల్దేరబోతే, వీధి మొదట్లో ఎవరింట్లోనో ఫంక్షన్‌కి షామియానా వేసేశారు. ఇక అవతలి చివరిదాకా వెనక్కే పోవాలి. ఒక పక్క కాలువ, ఒక పక్క గోడ. తెర మీద కెమెరా బొమ్మ చూస్తూ కొంచెం పోయి ఆగాను, మళ్లీ ఆగాను. వెనక తలుపు తెరుచుకుంది. నాయన దిగాడు.

బండి మీద ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. లారీ క్లీనర్ల పద్ధతి అది. ఆయన ఎప్పుడూ స్టీరింగ్ దగ్గర కూర్చుని ఆ దెబ్బలు విన్నవాడే గానీ, కొట్టినవాడు కాదు. ఇప్పుడు నా కారు డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టాడు. "రా, రా, ఎడం పక్క కట్ కొట్టు... ఇంకా రానీ..." కాలువ అంచున ఒకటే దెబ్బ. ఆపాను. నా కిటికీ దగ్గరికి వచ్చి, "అద్దంలో చూసి తోల్రా. ఆ టీవీ ఎందుకు నీకు?" అన్నాడు.

ఆయన నోట 'రా' అని పిలిపించుకుని ఎన్నేళ్లయిందో. కళ్లలో నీళ్లు తిరిగి అద్దం కూడా సరిగా కనబడలేదు. వీధి దాటాక ఆయన, అత్త ఇచ్చిన ఊరగాయ జాడీని ముందు సీట్లోంచి వెనక్కి మార్చి, అక్కడ కూర్చున్నాడు.

తిరుగు దారంతా తిట్లే. గేరు వేయడం రాదన్నాడు, బ్రేకు అరగదీస్తున్నానన్నాడు. తిట్లు తింటూ ఇంత హాయిగా నేనెప్పుడూ బండి తోలలేదు. తొండియార్‌పేటలో ఆయన వీధికి తిరగబోతే, "నేరుగా పో. ఆ పిల్ల ఎదురు చూస్తా ఉంటాది గదా" అన్నాడు. గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది.

మా అపార్ట్‌మెంట్‌లో రెండు కార్లు పట్టేంత చోటుంది. అయినా దిగి వెనక నిలబడి, "రా, రా" అని వీధంతా వినపడేలా అరిచాడు. స్టెల్లా బాల్కనీలోకి వచ్చింది. వాచ్‌మన్ పరుగున వచ్చి, "ఎవరు పెద్దాయనా మీరు?" అని అడిగాడు.

నాయన డిక్కీ మీద ఒక దెబ్బ కొట్టి నన్ను ఆపి, "డ్రైవరు వాళ్ల నాయన్ని" అన్నాడు.