బట్టీ పట్టిన చార్టు

పంజాగుట్ట మెట్రో స్టేషన్ వెనక సందులో ఓ చిన్న కంటి ఆసుపత్రి. అక్కడ మంజూష ఆప్టోమెట్రిస్టు. పిల్లల చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, తేడా కనిపిస్తే డాక్టరమ్మ దగ్గరికి పంపడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే గది. పిల్లలతో ఆమెకు మహా ఓపిక. పేచీ అంతా తల్లిదండ్రులతోనే.

ఒకరోజు ఆరేళ్ల యశస్వినిని వాళ్ల నాన్న ప్రవీణ్ తీసుకొచ్చాడు. ఎడమ కన్ను చూపించమని బడిలో చీటీ ఇచ్చారట. మంజూష పిల్ల కుడికన్ను మూసి, ఎదురుగా తెరమీది అక్షరాలు చదవమంది. యశస్విని పైనుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పేసింది.

"చూసిన్రా మేడం, మా బిడ్డకేం లేదు," అన్నాడు ప్రవీణ్.

అక్కడే మంజూషకు అనుమానమొచ్చింది. చిన్న అక్షరాల దగ్గర ఏ పిల్లయినా కాస్త తడుముకుంటుంది. ఆమె రిమోటు నొక్కి అక్షరాలన్నీ మార్చేసింది.

"మళ్లొకసారి చదువు బంగారం."

పిల్ల మళ్లీ ఆ పాత అక్షరాలే చదివింది. మంజూష ప్రవీణ్ వైపు తిరిగింది.

ప్రవీణ్ తల దించుకున్నాడు. ఆయన అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాడు. పరీక్ష అంటే చాలు, ముందే ప్రశ్నలు సంపాదించి బట్టీ పట్టించడం ఆయన వృత్తిధర్మం. ముందురోజు పేరు రాయించుకోవడానికి వచ్చినప్పుడు తెరను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఇంట్లో మూడు మాక్ టెస్టులు కూడా పెట్టాడట, మహానుభావుడు.

"పిల్ల భయపడతదని జర ప్రాక్టీస్ చేయించిన," అని నసిగాడు.

"ఇది పాస్ అయ్యే పరీక్ష కాదన్నా. చూపు తక్కువుంటే గీ వయసులనే పట్టుకోవాలె. పెద్దగయినంక చూపు తెచ్చుడు మస్తు కష్టం. నాకు పదహారేళ్లకు తెలిసింది. నా ఎడమ కన్ను ఇప్పటికీ మసకనే."



డాక్టరమ్మ చుక్కలు వేసి చూసింది. ఎడమ కంట్లో జబ్బేమీ లేదు, కానీ ఎక్కువ నంబరుంది. మసక బొమ్మతో విసిగి మెదడు ఆ కన్నును వాడుకోవడమే మానేసింది. అద్దాలు పెట్టాలి, బాగున్న కుడికంటికి రోజూ రెండు గంటలు పట్టీ వేయాలి, అప్పుడే ఎడమది పనిలో పడుతుంది. యశస్విని మొదటి వారమంతా పట్టీ పీకి పారేసింది. ప్రవీణ్ సాయంత్రం బ్యాచి వదులుకుని, పక్కనే కూర్చుని రంగులు వేయించాడు.

ఎనిమిదో నెలలో మళ్లీ చూపించడానికి వచ్చినప్పుడు మంజూష కొత్త అక్షరాలు పెట్టింది. యశస్విని ఆగి ఆగి, ఒకటి తప్పు చదివి, తనే దిద్దుకుని, కింది నుంచి రెండో వరుస దాకా వచ్చేసింది. హమ్మయ్య అనుకుంది మంజూష.

కుడికంటికి పట్టీ ఉండగానే పిల్ల తండ్రివైపు తిరిగింది.

"డాడీ, నీ గడ్డంల ఒక తెల్ల వెంట్రుక ఉన్నది."

"ఏది బిడ్డా, చూపియ్యి."

ప్రవీణ్ వచ్చి కుర్చీ ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. యశస్విని ఆ ఒక్క వెంట్రుక మీదే సూటిగా వేలు పెట్టింది.