పర్ణశాల అవతల, తాత తోళ్ల దారి

మా తాత తోళ్ల వ్యాపారి. వయసులో ఉండగా వైరా నుంచి ఉప్పు మూటతో అడవిలోకి వెళ్లి, ఉప్పిచ్చి జింక తోళ్లు తెచ్చాడు. అప్పటికది నేరం కాదు. పర్ణశాల అవతలి గూడేలకు దారి కనిపెట్టిన మొదటి వ్యాపారిని నేనే, అదీ ఒంటరిగా, అని చనిపోయేదాకా చెప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నాకదే గొప్ప. నిజమో కోతలో తేల్చుకుందామని ఈ మాఘంలో బయల్దేరాను.

ఆరింటికి వైరాలో బస్సెక్కితే జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లి, అక్కడ బస్సు మారి భద్రాచలం చేరేసరికి పది దాటింది. పర్ణశాలకు ఇంకో గంట. గుడి దగ్గర ఇడ్లీ తిని, తాత ఎప్పుడూ చెప్పే గూడేనికి ఆటో మాట్లాడుకున్నాను, రానుపోను ఆరువందలు. అంత ఎందుకంటే, తారు రోడ్డు సగం దాకే ఉందన్నాడు డ్రైవర్. అదీ సగం నిజమే, తారు అంతకన్నా ముందే అయిపోయింది.

గూడెం కనిపించగానే ఆటో ఆపాడు. దిగి నడవబోతే వద్దన్నాడు.

"ఆగుండ్రి సార్. ఎవరన్నా వచ్చి తోలుకపోతెనే లోపటికి పోవాలె. పాతకాలంసంది గంతే."

అరగంట ఎండలో నిలబడ్డాను. తాత ఒంటరిగా వెళ్లాడన్న మాట మీద అనుమానం అక్కడే బలపడింది.

ఎనభై దాటిన ఒక అవ్వ వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. సంగతి చెబితే, ఆ ఉప్పు వ్యాపారి కథ వాళ్లింట్లోనూ ఉందంది. అతన్ని గూడెం నుంచి గూడేనికి వెంటబెట్టుకుని తిప్పింది ఆమె నాన్న. జ్వరమొస్తే పన్నెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, గంజి తాగించి, ఇంకొకరితో కలిసి డోలీలో గోదావరి దాకా మోసి పడవెక్కించాడు. వానలకు ముందే మళ్లీ వస్తానని తాత మాటిచ్చాడట. తాత చెప్పిన కథలో ఈ మనిషి లేనే లేడు.

తర్వాత అవ్వ నన్ను గూడెం వెనక్కి తీసుకెళ్లింది. చనిపోయినవాళ్లకు నిలబెట్టిన రాళ్లు అక్కడున్నాయి. పొడుగుది ఆమె నాన్నది. దాని పక్కన మోకాలెత్తు రాయి చూపించింది.

"గిది మీ తాతది. మా నాయన రెండేండ్లు ఎదురుసూసిండు. రాలే. తొవ్వల సచ్చిపోయిండనుకొని రాయి పెట్టిండు. ఏడ సచ్చిండు బిడ్డా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. వైరాలో, మంచం మీద, ముసలితనంతో పోయాడన్నాను.

అవ్వ రాయి మీది ఎండుటాకులు చేత్తో తుడిచింది. "బతికిండా? మరి రాలేదేంది?"

తెలుసుకుందామనే అడిగింది. ఎత్తిపొడుపేమీ లేదు.

తిరుగు దారిలో సిగ్గుతో చచ్చిపోయాను. తాత మీద ప్రేమ పోలేదు, కానీ ఆయన గొప్ప నాకిక వద్దు. ఆయన దారి కనిపెట్టలేదు, ఒకాయన చూపించాడు. ఆ పేరు బయల్దేరేముందే అవ్వనడిగి రాసుకున్నాను. మా ఇంట్లో ఈ కథ ఇకమీద ఆ పేరుతోనే మొదలవుతుంది. మీరు అటు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వీలుకానప్పుడు మళ్లీ వస్తానని మాటివ్వకండి. అక్కడ ఎదురుచూస్తారు.