నెలనెలా తొంభై తొమ్మిది దాటేది

"మీరు ఊహించుకున్నది కాదమ్మా. లోపల నిజంగానే ఉంది," అంది డాక్టరమ్మ.

జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ఆసుపత్రి, పొట్టలోకి సన్నటి కెమెరా పంపి చూసే ల్యాపరోస్కోపీ అయిన మర్నాటి ఉదయం. పొట్ట మీద కుట్లు సలుపుతున్నా గట్టిగా నవ్వాను. జబ్బుందని చెబితే అంత సంతోషపడిన మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు.

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతుంది. ఏళ్ల తరబడి నా నొప్పిని ఏ డాక్టరూ పట్టించుకోలేదు. "ఆడవాళ్లందరికీ ఉండేదే. టెన్షన్ తగ్గించుకోండి," అని పంపేసేవారు.

దారి దొరికింది మాత్రం ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియో గేటు దగ్గర. కోవిడ్ తర్వాత షూటింగులు మళ్లీ మొదలైన రోజులవి. నేను దినపత్రిక సినిమా పేజీకి రాసేదాన్ని. లోపలికి వెళ్లే ప్రతివాళ్ల నుదుటికీ థర్మామీటరు గురిపెట్టేవారు. తొంభై తొమ్మిది దాటితే సినిమా కంపెనీవాళ్లు రానిచ్చేవారు కాదు. నాది కొంచెం దాటేది.

"మేడమ్, జర నీడల నిలబడుండ్రి. ఎండకు గట్ల చూపిస్తది, మల్ల చూద్దాం," అనేవాడు వాచ్‌మన్. నీడలోనూ దిగేది కాదు.

ఒకసారి ప్రొడక్షన్ మేనేజర్ బయటికొచ్చి చూసి నవ్వాడు. "ఏంటండీ, పోయిన నెలా ఇంతే, ఈ నెలా ఇంతే! కరోనా మీకు నెలనెలా కాల్షీట్లు ఇస్తోందా?"

గేటు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ఆటోలో శ్రీనగర్ కాలనీ ఇంటికి తిరిగొస్తూ ఆ మాటే ఆలోచించాను. నన్ను ఆపిన ప్రతిసారీ నెలసరి రాబోతూనో, అప్పుడే మొదలయ్యో ఉంది.

ఒకచోట విన్నది ఇంకోచోట రుజువైతేగాని వార్త కాదని పత్రికలో నేర్చుకున్నాను. అందుకే ఆ తర్వాత కొన్ని నెలలు పొద్దున్నే మంచం దిగకముందే నాలుక కింద థర్మామీటరు పెట్టుకున్నాను. గేటు దగ్గర తేలిందే ఇంట్లోనూ తేలింది. నొప్పినీ, ఒంటి వేడినీ కలిపి ఈ కొత్త డాక్టరమ్మకు చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"అండం విడుదలయ్యాక ఒళ్లు కాస్త వేడెక్కడం మామూలే. నెలసరి వచ్చేసరికి దిగాలి. మీకు దిగడం లేదు. అంతమాత్రాన ఇదీ జబ్బని చెప్పలేను. కానీ ఇంత నొప్పి ఉన్నప్పుడు లోపల చూడకుండా వదిలేయకూడదు," అంది. చూసింది, దొరికింది, చాలావరకు తీసేసింది.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు, గేటు దగ్గర థర్మామీటర్లు ఎత్తేశాక, నెలసరి రెండో రోజున, అదే స్టూడియోలో పాట షూటింగ్ మొదటి నుంచి చివరిదాకా చూశాను. పూర్వం ఆ రోజు మంచం దిగేదాన్ని కాదు. మేనేజర్ కుర్చీ వేయించాడు.

"కూర్చోండి మేడమ్, కాళ్లు లాగేస్తాయి."

"మీరు కూర్చోండి. ఇవాళ నాకు నిలబడాలని ఉంది," అన్నాను. ప్యాకప్ చెప్పేదాకా నిలబడ్డాను.

ఆపరేషన్‌లో, పేగుకు అతుక్కున్న ఆ పొర తాలూకు ఒక మచ్చను మాత్రం డాక్టరమ్మ ముట్టుకోలేదు. తీస్తే పేగుకు చిల్లు పడొచ్చంది. నెలసరి మొదటి రోజుల్లో నా ఒళ్లు ఇప్పటికీ వేడిగానే ఉంటోంది. అది ఆ మచ్చ వల్లనో కాదో ఆమెకూ తెలియదు.