బాపట్ల స్టేజీ మీద నా అమెరికా చావు

మొన్న బాపట్లలో నేను చచ్చిన చావు పగవాడికి కూడా రాకూడదండి బాబూ! నవ్వకండి, టీ ఒలుకుతుంది. మొదట్నుంచీ చెప్తాను.

మన తెనాలిలో ఆదివారం పొద్దున్న ఇంగ్లీషు పిక్చర్లు వేస్తారు కదా. వాటిల్లో ఓ అమెరికా ఆయనుంటాడు. ఓసారి పోలీసు, ఓసారి చర్చి ఫాదరు, ఓసారి గుర్రాల కాపరి. పోస్టరు మీద పేరుండదు, నాలాగే అన్నీ చిన్న వేషాలు. కానీ ఆయన కనపడితే హీరో వంక ఎవడూ చూడడు! పోయిన వారం పిక్చర్లో గుండు తగిలాక వెంటనే పడలేదండి. జేబులోంచి సిగరెట్టు తీశాడు, తాపీగా వెలిగించాడు, ఒక్క దమ్ము లాగి, నవ్వుతూ ఒరిగిపోయాడు. ఆహా! నాకు కన్నీళ్లొచ్చేశాయి. చస్తే అలా చావాలి అనుకున్నా.

అనుకోక ఏం చెయ్యను? మా మామగారికి రేపల్లెలో ఎరువుల కొట్టుంది. "అల్లుడుగారూ, పదేళ్లుగా మొహానికి రంగు పూస్తున్నారు, ఒక్క కప్పు తెచ్చారా? బాపట్ల నాటకాల పోటీల్లో కూడా ప్రైజు రాకపోతే వేషాలు కట్టిపెట్టి మా కొట్లో కూర్చోండి" అనేశారు. మా ఆవిడ కూడా తలూపింది! ఆ బస్తాల మధ్య నన్ను నేను ఊహించుకుని వణికిపోయాననుకోండి.

నాటకంలో నాది హీరోకి ద్రోహం చేసిన డ్రైవరు వేషం. హీరో వేసేది మా రామం. వాడు పిస్తోలుతో కాలిస్తే నేను "అమ్మా!" అని పడాలి. అంతే నా పార్టు. ఎవరికీ చెప్పకుండా జేబులో సిగరెట్టు, అగ్గిపెట్టె పెట్టుకున్నా. మామగారు జడ్జీల వెనకే కూర్చున్నారు.

టప్! రామం కాల్చాడు. నేను పడలేదు. వాడు కంగారుపడి మళ్లీ కాల్చాడు. నేను తాపీగా సిగరెట్టు నోట్లో పెట్టుకున్నా. మూడోసారి నొక్కితే టిక్కుమంది, పిస్తోల్లో పేలే బిళ్లలైపోయాయి. పళ్లు బిగపట్టి, "చావవేంట్రా సుబ్బారావూ!" అన్నాడు. నెత్తిమీద మైకు వేలాడుతోందిగా, హాలంతా వినపడింది!

అగ్గిపుల్ల గీశాను. వెలగలేదు. నా చెమటకి పెట్టె తడిసిపోయిందండి! రెండోది విరిగింది. మూడోదాని తల ఊడి జడ్జిగారి బల్ల మీద పడింది. అయినా వెలిగించకుండా ఎలా చస్తాను? గీస్తూనే ఉన్నా. వెనక బెంచీల్లోంచి ఎవరో "బాబాయ్, ఇదిగో పట్టు!" అని అగ్గిపెట్టె విసిరారు. బుర్రలేనివాణ్ణి, స్టేజీ అంచుకొచ్చి, వంగి తీసుకుని, "థాంక్సండీ" అన్నాను!

తెర లాగే ఆయనకి ఓపిక చచ్చి తెర దించేశాడు. నేను బయటే ఉండిపోయాను! ఇంకేం చెయ్యను, "అమ్మా!" అని పడి, పాక్కుంటూ తెర కిందనుంచి లోపలికి దూరాను. కాళ్లింకా బయటుండగానే హాలంతా ఒకటే కేక, "వన్స్ మోర్!"

లోపల రామం మీదికొచ్చేశాడు. "ట్రాజెడీని తగలెట్టావు కదరా!"

"ఎక్కడ్రా, పుల్లే వెలగలేదు" అన్నాను ఏడుపుగొంతుతో.

ప్రైజులు చదువుతుంటే తల దించుకు కూర్చున్నా. ఒక్కటీ మాది కాదు. మామగారు కండువా సర్దుకుని లేచారు కూడా. అప్పుడు వినపడింది మైకులో, "ఉత్తమ హాస్యనటుడు, డ్రైవరు వేషం వేసిన సుబ్బారావు!" అసలు మా నాటకంలో హాస్యపాత్రే లేదండి!

మామగారు కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, "సర్లెండి, ప్రైజు ప్రైజే. వేషాలు వేసుకోండి" అన్నారు. హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతటితో ఊరుకోలేదు. "ఇంతకీ అల్లుడుగారూ, ఇంత కామెడీ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అనడిగారు.

పోస్టరు మీద ఆయన పేరు వెయ్యకపోవడమే మంచిదైందండి. తెలిసుంటే నలుగుర్లో చెప్పేసేవాణ్ణి. పాపం, ఎక్కడో అమెరికాలో ఉన్న పెద్దమనిషి, బాపట్లలో పరువు పోగొట్టుకునేవాడు!