ఒకే పెట్టెలో మూడు మూటలు

స్టూడియో ఫొటోగ్రాఫర్‌కు ఏదీ పారేసే అలవాటు లేదు. ఆ రోజు ఒక నర్సు పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చింది. ఐదింటిలోగా దరఖాస్తు ఇవ్వాలి, అప్పటికే నాలుగున్నర. ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించబోతే చోటు లేదంది. అసలే చిన్న డిస్కు.

"కళ్లు మూసుకున్నవాళ్ల ఫొటోలు కూడా దాచారు కదూ?" అంటూ భార్య అతణ్ణి జరిపి కూర్చుంది.

"మళ్లీ వచ్చి అడిగితే?"

"మూసిన కళ్లు ఎవరడుగుతారండీ!"

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. వెతగ్గా "జాగ్రత్త" అనే ఫోల్డరు దొరికింది. పక్కనే "ఇంకా జాగ్రత్త", "మరీ జాగ్రత్త". మూడింటిలోనూ అవే ఫొటోలు.

"ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని..." నసిగాడతను.

"ఒకే పెట్టెలో మూడు మూటలు కడితే దొంగ పెట్టెనే ఎత్తుకుపోడూ?"

ఆమె రెండు ఫోల్డర్లు తీసి చెత్తబుట్టలో పడేసింది. అయినా చోటు రాలేదు. బుట్ట కూడా ఖాళీ చేయాలి. అతను నర్సు ముఖం చూసి, మీట తనే నొక్కాడు. సగం డిస్కు ఖాళీ అయింది. పది నిమిషాల్లో నర్సు ఫొటోలు పట్టుకుని పరుగెత్తింది.

"రేపు బయట తగిలించే డిస్కు ఒకటి కొందాం" అంది భార్య.

"రెండు కొందాం. ఒకటి ఇంట్లో పెడదాం."

ఆమె చీటీ తీసి "డిస్కులు రెండు" అని రాసుకుంది.